ఇంటిల్లిపాదీ చూసే సినిమా: గొళ్ళెం పెట్టని తలుపు

పండగ పూట మత్తుమందుల సినిమా గురించి రాయడమేమిటని పెద్దలు కొందరు కోప్పడవచ్చు. పులిహోర, బొబ్బట్లు, పిల్లల కూచిపూడి, కవిసమ్మేళనం... వీటన్నిటి మధ్యా ఈ కబురు చేదుగా ఉంటుందన్న మాట నిజమే. కానీ ఉగాదినాడు పచ్చడిలోంచి వేపపువ్వు ఏరి పక్కన పెట్టుకోం కదా! ఏడాదికొక్కసారైనా చేదుని నలుగురం కలిసి కూర్చుని రుచి చూడాలనే మన పెద్దవాళ్ళు ఆ ఏర్పాటు చేశారు. అందుకని ఈ ఉగాది సంచికలో మన శీర్షికకి తెలుగు చిత్రాన్ని కాకుండా, మనం ఇల్లు కట్టుకుని ఉంటున్న ఈ అమెరికాలోనే తయారైన ఒక కుటుంబ కథాచిత్రాన్ని ఎంచుకున్నాను. పేరు 'బ్యూటిఫుల్ బాయ్'. 2018 అక్టోబరులో విడుదలైంది. నిడివి రెండు గంటలు. చూడడానికి మాత్రం కొంచెం గుండె దిటవు కావాలి.

ముందుగా మన దేవదాసు

వ్యసనం అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది దేవదాసే. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో అక్కినేని, సావిత్రి నటించిన ఆ చిత్రాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మన అమ్మమ్మల తరానికి గొంతు పూడుకుపోతుంది. దేవదాసు ఎందుకు తాగాడు? పార్వతి దక్కలేదు గనక. పార్వతి ఎందుకు దక్కలేదు? జమీందారు తండ్రి ఒప్పుకోలేదు గనక. అంతా లెక్క ప్రకారం ఉంటుంది. కారణం కళ్ళెదుట కనబడుతుంది. మనం కారణాన్ని తిట్టుకుని, తాగినవాడి మీద జాలిపడి, ఇంటికొచ్చేస్తాం.

1971లో దేవానంద్ తీసిన హిందీ చిత్రం 'హరే రామ హరే కృష్ణ' కూడా అంతే. మాంట్రియల్లో ఉన్న భారతీయ దంపతులు పోట్లాడుకుని విడిపోతారు. కొడుకు తల్లితో ఇండియాకి, కూతురు తండ్రి దగ్గర. ఆ పిల్ల పెరిగి పెద్దదై కాఠ్మండూలో హిప్పీల గుంపులో గంజాయి పొగల మధ్య తేలుతుంది. జీనత్ అమన్‌కి పేరు తెచ్చిన పాత్ర అది. అక్కడా కారణం సిద్ధంగా ఉంది. ఇల్లు చెడింది, కాబట్టి పిల్ల చెడింది.

ఇలాంటి కథలు చూసీ చూసీ మనకొక సూత్రం బాగా ఒంటబట్టింది. వ్యసనం వచ్చిందంటే దాని వెనకాల ఎవరిదో ఒక తప్పు ఉండి తీరాలి. ప్రేమ విఫలమైనా కావాలి, పెంపకం చెడినా కావాలి. ఈ సూత్రంలో గొప్ప ఊరట ఒకటుంది. మా ఇల్లు మంచిది, మా పిల్లలు బుద్ధిమంతులు, కాబట్టి ఆ గాలి మా గుమ్మంలోకి రాదు అని నిశ్చింతగా ఉండొచ్చు. 'బ్యూటిఫుల్ బాయ్' ఆ నిశ్చింతనే మననుంచి లాగేసుకుంటుంది.

ఒక తండ్రి పుస్తకం, ఒక కొడుకు పుస్తకం

ఇది కట్టుకథ కాదు. డేవిడ్ షెఫ్ కాలిఫోర్నియాలో పేరున్న పత్రికా రచయిత. 1980లో జాన్ లెనన్, యోకో ఓనో దంపతులని సుదీర్ఘంగా ఇంటర్వ్యూ చేసినవాడు. లెనన్ తన చిన్నకొడుకు కోసం కట్టుకున్న పాట పేరే ఈ కథకీ పేరయింది. 2005లో డేవిడ్ తన పెద్దకొడుకు నిక్ మత్తుమందులకి బానిసైన వైనం న్యూయార్క్ టైమ్స్ వారి ఆదివారం పత్రికలో రాశాడు. ఆ వ్యాసమే పెరిగి 2008లో పుస్తకమైంది. అదే ఏడాది నిక్ కూడా తన వైపు కథ 'ట్వీక్' అనే పేరుతో పుస్తకంగా రాశాడు. తండ్రి చూసినదీ, కొడుకు అనుభవించినదీ, రెండూ కలిపి బెల్జియం దర్శకుడు ఫెలిక్స్ వాన్ గ్రోనింగెన్ ఈ చిత్రం తీశాడు. ఇంగ్లీషులో ఆయనకిది మొదటి చిత్రం. తండ్రిగా స్టీవ్ కారెల్, కొడుకుగా తిమొతీ షాలమే నటించారు. టీవీలో 'ది ఆఫీస్' చూసి కారెల్‌ని నవ్వించేవాడుగా మాత్రమే ఎరిగినవాళ్ళు ఇందులో ఆయన మొహం చూస్తే పోల్చుకోలేరు.

కథలో నిక్ ఎలాంటి పిల్లవాడనుకున్నారు? బాగా చదువుతాడు. పుస్తకాల పురుగు. ఈత కొడతాడు, బొమ్మలు వేస్తాడు, రాస్తాడు. కాలేజీల్లో సీట్లొచ్చాయి. తమ్ముడూ చెల్లెలూ అంటే ప్రాణం. తండ్రితో కలిసి సముద్రంలో అలల మీద సర్ఫింగ్ చేస్తాడు. చిన్నప్పుడు విమానాశ్రయంలో విడిపోయేటప్పుడు తండ్రీ కొడుకులు ఒకరికొకరు ఒకే ఒక్క మాట చెప్పుకునేవారు. ఈ లోకంలో ఉన్న సమస్తం కన్నా నువ్వే నాకెక్కువ అన్న అర్థం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటుంది. అంత దగ్గరితనం. మన అసోసియేషన్ వేదిక మీద బహుమతి తీసుకునే పిల్లల్లో నిలబెడితే ఇతను ఇట్టే కలిసిపోతాడు.

ఆ పిల్లవాడు పద్ధెనిమిదో ఏట రెండు రోజులు ఇంటికి రాడు. వచ్చాక చూస్తే తెలుస్తుంది. గంజాయితో మొదలై, ఒకటొకటిగా దాటి, క్రిస్టల్ మెత్ దాకా వెళ్ళిపోయాడని.

ఈ మెత్ అంటే ఏమిటో మనలో చాలామందికి తెలియకపోయినా దాని నీడ మనందరి మీదా పడింది. జలుబు చేసి సూడాఫెడ్ కొనబోతే ఫార్మసీలో డ్రైవింగ్ లైసెన్సు చూపించమంటారు కదా, అది దీనివల్లే. ఆ మాత్రలోని సూడోఎఫిడ్రిన్‌తో దొంగచాటుగా ఈ మత్తుమందు వండుతున్నారని 2006లో ఫెడరల్ చట్టం చేసి దాన్ని కౌంటరు వెనక్కి నెట్టారు. మెదడులో సంతోషాన్ని కలిగించే డోపమిన్‌ని ఇది ఒక్కసారిగా వరదలా వదులుతుంది. ఆ వరద తీశాక మామూలు సంతోషాలు, అమ్మ వంటా, స్నేహితుడి కబురూ, చదివిన పుస్తకం, ఏవీ రుచించవు. మళ్ళీ అదే కావాలి. అది లేకపోతే బతుకే లేదనిపిస్తుంది.

చికిత్స, పారిపోవడం, మళ్ళీ చికిత్స

ఇక్కడినుంచి సినిమా మనం ఎదురుచూసే దారిలో నడవదు. మన చిత్రాల్లో అయితే ఒక ఆసుపత్రి, ఒక తల్లి కన్నీరు, ఒక పాట, హీరో మారిపోతాడు. ఇక్కడ నిక్ చికిత్సా కేంద్రంలో చేరతాడు, బాగుపడినట్టు కనబడతాడు, మాయమవుతాడు. మళ్ళీ దొరుకుతాడు. మళ్ళీ చేరతాడు. కాలేజీకి వెళతాడు. అక్కడ స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళి, బాత్‌రూములో అద్దం వెనక మందుల అలమర తెరిచి చూస్తాడు. అందులో ఎవరికో డాక్టరు రాసిన మాత్రల సీసా ఒకటి. అంతే! నెలల తరబడి కట్టుకున్న గోడ ఒక్క నిమిషంలో కూలిపోతుంది. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో కన్నతల్లి దగ్గర ఉండి ఏడాదికి పైగా ఏదీ ముట్టకుండా ఉంటాడు. ఇంటికొచ్చి తమ్ముడూ చెల్లెలితో నీళ్ళల్లో ఆడుకుంటాడు. చూసేవాళ్ళం హమ్మయ్య అనుకుంటాం. తిరిగి వెళ్ళే దారిలోనే మళ్ళీ పడిపోతాడు.

తిరగబెట్టడం కూడా కోలుకోవడంలో భాగమేనని చికిత్సా కేంద్రంలో చెబుతారు. తండ్రికి ఆ మాట మింగుడుపడదు. మనకీ పడదు. కానీ ఇందులో వైద్యుల లెక్క ఉంది. వ్యసనానికి చికిత్స పొందినవాళ్ళలో నూటికి 40 నుంచి 60 మందికి అది తిరగబెడుతుందని ఈ దేశపు జాతీయ మాదకద్రవ్య పరిశోధనా సంస్థ చెబుతోంది. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవాళ్ళు కూడా ఇంచుమించు అంతమందీ మందూ పథ్యమూ తప్పి మళ్ళీ జబ్బున పడతారట. మన ఇళ్ళల్లో షుగరు ఉన్న మామగారు పెళ్ళిలో రెండు జాంగ్రీలు తినేసి మర్నాడు నీరసపడితే డాక్టరు దగ్గరకి తీసుకెళతాం. ఇంట్లోంచి పొమ్మనం. వంశం పరువు తీశావనీ అనం. ఈ జబ్బుకి మాత్రం ఆ రెండూ చేస్తాం!

ఈ సినిమాలో నన్ను ఎక్కువగా కదిలించింది నిక్ కన్నా అతని చుట్టూ ఉన్నవాళ్ళు. తమ్ముడు దాచుకున్న కొద్దిపాటి డబ్బులు కూడా పోతాయి. అన్నయ్యే తీశాడని తెలిసినప్పుడు ఆ పసివాడికి డబ్బు కన్నా పెద్దదేదో పోతుంది. సవతి తల్లి కరెన్ (మోరా టియర్నీ) బొమ్మలు వేసుకునే నెమ్మదైన మనిషి. ఒకరోజు నిక్, తనలాగే మత్తులో ఉన్న ఒక అమ్మాయితో కలిసి దొంగలా తమ ఇంట్లోనే చొరబడి పారిపోతుంటే ఆవిడ కారులో వెంటబడుతుంది. ఏడుస్తూనే నడుపుతుంది. కొంతదూరం పోయాక తనే ఆగిపోతుంది. పట్టుకుని మాత్రం ఏం చెయ్యగలదు? మాట లేకుండానే ఆ ఒక్క దృశ్యం ఆ ఇంటి పరిస్థితంతా చెప్పేస్తుంది. అటు కన్నతల్లీ ఇటు తండ్రీ ఫోనులో ఒకరినొకరు నిందించుకోవడం వింటుంటే, గోడ అవతల మన పక్కింటివాళ్ళే పోట్లాడుకుంటున్నట్టుంటుంది.

మరి తప్పెవరిది?

అదుగో, విడాకులు! అందుకే పిల్లవాడు చెడ్డాడు! అని మీలో కొందరు ఈపాటికే అనుకుని ఉంటారు. ఆ తండ్రి కూడా రాత్రింబవళ్ళు అదే ఆలోచిస్తాడు. నేను విడిపోకుండా ఉంటే? నా కుర్రతనంలో నేనూ కొన్ని రుచి చూశానని వాడికి చెప్పకుండా ఉంటే? ఒకసారి వాడితో కలిసి గంజాయి దమ్ము లాగకుండా ఉంటే? సినిమా ఈ ప్రశ్నల్ని దాచదు. అలాగని జవాబుగా ఏ ఒక్కదాన్నీ నిలబెట్టదు.

వైద్యశాస్త్రం చెప్పేది కూడా అలాగే ఉంది. ఈ జబ్బు వచ్చే అవకాశంలో ఇంచుమించు సగం పుట్టుకతో వచ్చిన జన్యువుల వాటా. మిగతాది ఎన్నో ఏట మొదటిసారి రుచి చూశారు, మనసులో దిగులో ఆందోళనో ముందే ఉందా, స్నేహాలెలాంటివి, సరుకు ఎంత సులువుగా దొరుకుతోంది అన్న వాటిల్లో చీలి ఉంటుంది. మనిషి మెదడు ఇరవయ్యయిదో ఏడు దగ్గరకొచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుందట. మంచీ చెడ్డా తూచి ఆగమని చెప్పే భాగమే అన్నిటికన్నా ఆఖరున పక్వానికొస్తుంది. అందుకే పదమూడో ఏట మొదలెట్టినవాడికీ, ఇరవై రెండో ఏట మొదలెట్టినవాడికీ అంత తేడా. ఇల్లు చెయ్యగలిగింది చాలా ఉంది. కానీ ఇల్లొక్కటే దీన్ని తెచ్చిపెట్టలేదు, ఇల్లొక్కటే దీన్ని తీసెయ్యలేదు.

వ్యసనపరుల కుటుంబాల వాళ్ళు కలుసుకుని గోడు చెప్పుకునే సభల్లో మూడు మాటలు నేర్పుతారు. దీనికి కారణం నేను కాదు, ఇది నా అదుపులో లేదు, నయం చెయ్యడం నా ఒక్కడి వల్ల కాదు అని. సినిమాలో డేవిడ్, కరెన్ అలాంటి సభలో కూర్చుంటారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఒకావిడ లేచి మాట్లాడుతుంది. కూతురు పోయింది ఇప్పుడే అయినా, ఆ పిల్ల బతికుండగానే తాను ఏళ్ళ తరబడి శోకం అనుభవించానంటుంది. మనవాళ్ళలో ఎందరు తల్లులు ఇలాంటి శోకాన్ని పట్టుచీర మడతల్లో దాచుకుని పండగలకి వస్తున్నారో ఎవరికెరుక!

ఆఖరికొచ్చేసరికి నిక్ ఫోను చేస్తాడు. నాన్నా, ఇంటికొచ్చేస్తానంటాడు. తండ్రి వద్దంటాడు. ఆ మాట అనడానికి ఆయన పడే నరకం కారెల్ మొహంలో చూడాలి. ఇన్నాళ్ళూ డబ్బిచ్చి, వెతికి, వీధులు గాలించి, ఆసుపత్రులు మార్చి అలసిపోయిన మనిషి అతను. ఇంట్లో ఇంకో ఇద్దరు పసిపిల్లలున్నారు. తలుపు మూస్తాడు. కానీ గొళ్ళెం పెట్టడు. కొడుకు ప్రాణం మీదికి తెచ్చుకుని ఆసుపత్రిలో పడ్డాడని తెలియగానే వెళతాడు. పక్కన కూర్చుంటాడు. దగ్గరకి తీసుకుంటాడు. మన దేవదాసు చావుబతుకుల్లో పార్వతి ఇంటి ముందుకొచ్చి పడినప్పుడు, ఆమె పరుగెత్తుకొచ్చేసరికి పరువు కోసం ఆ ఇంటి తలుపులు మూసేస్తారు. రెండు సినిమాల్లోనూ మూసిన తలుపే. ఒకటి పరువు మూసింది, మరొకటి ప్రాణం దక్కించుకోవడానికి తాత్కాలికంగా మూసింది. ఈ తేడా తెలియడానికైనా ఈ సినిమా చూడాలి.

నిజజీవితంలో నిక్ బయటపడ్డాడు. రచయిత అయ్యాడు. టీవీ సీరియల్ 'థర్టీన్ రీజన్స్ వై'కి రాసినవాళ్ళలో అతనూ ఒకడు.

లోపాలు లేవా? ఉన్నాయి. కథ వెనక్కీ ముందుకీ గెంతుతుంటే ఇది ఎప్పటి సంగతని తికమకపడతాం. పాటలు మరీ ఎక్కువయ్యాయి. కొండమీద అందమైన ఇల్లు, ఎన్ని చికిత్సలకైనా డబ్బు సర్దగలిగిన తండ్రి... అంత స్తోమత లేని ఇంటి సంగతేమిటని అడగాలనిపిస్తుంది.

బంగారం దాచిన తల్లి

అదే 2018 డిసెంబరులో ఇంకో సినిమా వచ్చింది, 'బెన్ ఈజ్ బ్యాక్'. పీటర్ హెడ్జెస్ దర్శకుడు, కొడుకు పాత్రలో ఆయన సొంత కొడుకు లూకస్, తల్లిగా జూలియా రాబర్ట్స్. క్రిస్మస్ ముందురోజు చికిత్సా కేంద్రం నుంచి కొడుకు చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడతాడు. తల్లి పరుగెత్తుకెళ్ళి కావలించుకుంటుంది. ఆ వెంటనే లోపలికొచ్చి నగలూ మందుల సీసాలూ దాచేస్తుంది! ప్రేమా భయమూ ఒకే చేతుల్లో ఎలా ఉంటాయో అంత సూటిగా చూపించిన దృశ్యం నేనింకోటి చూడలేదు. ఈ అబ్బాయి వ్యసనం మొదలయింది వీధిలో కాదు. మంచులో ఆడుతూ దెబ్బ తగిలితే డాక్టరు రాసిన నొప్పి మాత్రలతో. ఈ దేశంలో 1990ల చివరినుంచి వేలాది ఇళ్ళల్లో జరిగింది ఇదే. ముందు మాత్రలు, అవి దొరక్కపోతే హెరాయిన్, ఆ తర్వాత ఫెంటనిల్.

మన ఇళ్ళ సంగతి

నిక్ కథ జరిగిన రోజులకీ ఇప్పటికీ పెద్ద తేడా ఈ ఫెంటనిల్. రెండు మిల్లీగ్రాములు, అంటే కొద్దిపాటి ఉప్పురవ్వలంత, ప్రాణం తియ్యగలదు. అచ్చం ఆడరాల్‌లా, జానాక్స్‌లా, పెర్కొసెట్‌లా కనబడే దొంగమాత్రల్లో దీన్ని కలుపుతున్నారు. ఫెడరల్ మాదకద్రవ్య సంస్థ 2023లో పరీక్షించిన ఫెంటనిల్ దొంగమాత్రల్లో పదింటికి ఏడింట్లో ప్రాణాంతకమైన మోతాదు ఉంది; 2024లో పదింటికి అయిదింట్లో. 2019 ద్వితీయార్థానికీ 2021 ద్వితీయార్థానికీ మధ్య పది నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లల్లో మత్తుమందుల మరణాలు రెట్టింపుకి పైగా పెరిగాయి. దేశం మొత్తం మీద 2022లో 1,07,000 మందికి పైగా ఇలా పోయారు. 2024లో ఆ సంఖ్య సుమారు 80,000కి తగ్గింది. సంతోషమే. కానీ 80,000 అంటే మన తాలూకా కేంద్రంలాంటి ఊరు ఒకటి ఏడాదిలో ఖాళీ అయిపోవడం! నిక్‌కి పడి లేచే అవకాశం ఎన్నోసార్లు దొరికింది. ఇప్పుడు పరీక్షల ముందు రాత్రి మేలుకోవడానికని స్నేహితుడి దగ్గర ఒక్క మాత్ర పుచ్చుకున్న పిల్లవాడికి రెండో అవకాశం దొరుకుతుందన్న నమ్మకం లేదు.

అందుకని ఇంటిల్లిపాదీ చెయ్యగలిగిన పనులు కొన్ని రాస్తున్నాను.

ఒకటి, మందుల డబ్బా. మన ఇళ్ళల్లో ఇక్కడి డాక్టరు రాసినవి కాక, ఇండియా నుంచి అమ్మా నాన్నా వచ్చినప్పుడు తెచ్చిన సంచి ఒకటి ఉంటుంది. అందులో కొడీన్ కలిసిన దగ్గుమందు, ట్రమడాల్ నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు ఉండొచ్చు. వాడేవి తాళం వేసి పెట్టుకోండి. మిగిలిపోయినవి తిరిగి ఇచ్చెయ్యండి. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో పాతమందులు తీసుకునే రోజు దేశమంతటా పెడతారు. చాలా ఫార్మసీల్లో ఏడాది పొడుగునా పెట్టెలుంటాయి.

రెండు, నార్కాన్. ముక్కులో కొట్టే ఈ మందు హెరాయిన్, ఫెంటనిల్ వంటి వాటివల్ల ఊపిరి ఆగిపోతున్నవాడిని వెనక్కి తీసుకొస్తుంది. 2023 మార్చిలో డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు. మెత్‌కి ఇది పనిచెయ్యదు. అయినా ఏం తీసుకున్నాడో తెలియనప్పుడు ఇస్తే నష్టం లేదు. ముందు 911కి ఫోను చేసి, తర్వాత ఇది వాడాలి. స్నేహితుడు పడిపోతే పోలీసులకి భయపడి పారిపోవద్దని పిల్లలకి చెప్పండి. సాయానికి ఫోను చేసినవాళ్ళకి చాలా రాష్ట్రాల్లో చట్టం రక్షణ ఇస్తుంది.

మూడు, వయసు. పద్ధెనిమిది నిండాక పిల్లల అనుమతి లేకుండా డాక్టరు మనకి సాధారణంగా ఏమీ చెప్పకూడదు. కానీ మనం చూసినదీ అనుమానిస్తున్నదీ డాక్టరుకి చెప్పకుండా ఏ చట్టమూ ఆపదు. చెప్పండి. ఇరవై ఆరో ఏడు వచ్చేదాకా పిల్లలు మన ఇన్సూరెన్సు మీద ఉండొచ్చు. 2008 చట్టం ప్రకారం ఈ చికిత్సకి డబ్బిచ్చే పాలసీ, మిగతా జబ్బులకన్నా దీనికి కఠినమైన షరతులు పెట్టకూడదు. డబ్బు లేదని వెనకాడేముందు పాలసీ కాగితాలు తీసి చూడండి.

నాలుగు, వీసా. ఇంకా పౌరసత్వం రాని కుటుంబాలకి ఇది ముఖ్యం. ఎన్నో రాష్ట్రాల్లో గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ చట్టంలో నేరమే. మత్తుమందుల కేసులో శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ ముప్పే. ఇమ్మిగ్రేషన్ తెలిసిన లాయరుని అడగకుండా కోర్టులో దేనికీ తల ఊపవద్దు. చికిత్సకి వెళ్ళడం వేరు, కేసులో ఇరుక్కోవడం వేరు. రెంటినీ కలిపి భయపడి చికిత్స మానెయ్యకండి.

అయిదు, ఓపియాయిడ్ మత్తుకి బానిసైనవాళ్ళకి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ వంటి మందులున్నాయి. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు ఇస్తారా అని పెదవి విరవకండి. అవి ప్రాణాలు కాపాడుతున్నాయని రుజువైంది. మెత్‌కి అలాంటి ఆమోదం పొందిన మందు లేదు గానీ, క్రమం తప్పకుండా పరీక్ష చేసి, ముట్టనివాళ్ళకి చిన్నచిన్న బహుమతులిచ్చి ప్రోత్సహించే పద్ధతి బాగా పనిచేస్తోంది. అర్ధరాత్రి ఎవరితో చెప్పుకోవాలో తోచకపోతే 988కి ఫోను చెయ్యండి. ఆత్మహత్య ఆలోచనలకే కాదు, మత్తుమందుల గండానికీ అక్కడ పలుకుతారు.

ఆఖరిది మన అసోసియేషన్ చెయ్యవలసిన పని. ఎవరింట్లోనైనా గుండె ఆపరేషన్ అయితే వారం రోజులపాటు వంతులవారీగా భోజనాలు పంపుతాం. కేన్సరని తెలిస్తే కార్లేసుకుని వెళతాం. కొడుకు చికిత్సా కేంద్రంలో ఉన్నాడని తెలిస్తే మాత్రం ఫోనులో గొంతు తగ్గిస్తాం. ఆ ఇంటివాళ్ళు పండగలకి రావడం మానేస్తారు. పెళ్ళి సంబంధాలు చెడతాయని అక్కచెల్లెళ్ళ కోసం నోరు మూసుకుంటారు. సాయం అక్కర్లేని రోజుల్లో ఉన్న స్నేహితులంతా, సాయం కావలసిన రోజున లేకుండా పోతారు. 'బ్యూటిఫుల్ బాయ్'లో ఆ తల్లిదండ్రులకి అపరిచితుల సభ ఒకటి దొరికింది. తెలుగులో ఏడ్చుకోవడానికి మన తల్లులకి ఒక గది, రెండు కుర్చీలు, ఆ మాట బయటికి పొక్కదన్న భరోసా మనం ఏర్పాటు చెయ్యలేమా? మన సభ్యుల్లో డాక్టర్లున్నారు, కౌన్సెలర్లున్నారు. నెలకొక సాయంత్రం చాలు.

సినిమాకి ఆర్ రేటింగు ఉంది. మత్తు తీసుకునే దృశ్యాలూ బూతులూ ఉన్నాయి కాబట్టి ముందు మీరిద్దరూ చూడండి. తర్వాత హైస్కూలు పిల్లలతో కలిసి మళ్ళీ చూడండి. అయిపోయాక ఉపన్యాసం ఇవ్వకండి. మీ స్కూల్లో ఇలాంటివి దొరుకుతాయా అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. వాళ్ళు చెప్పేది, ఎంత ఒళ్ళు మండినా, చివరిదాకా వినండి. ఏ వేళప్పుడు ఎక్కడినుంచి ఫోను చేసినా ముందు వచ్చి తీసుకెళతాను, కోపం మర్నాడు పడతాను అని చెప్పండి. ఆ మాట గుర్తుంటే ఏ రాత్రయినా పిల్లవాడు ధైర్యంగా ఇంటికే ఫోను చేస్తాడు.

మీకూ, మీ పిల్లలకీ ఉగాది శుభాకాంక్షలు. వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం. ఈసారి నవ్వించే సినిమాతో!